రాయని పనికి మార్కులు

పోయిన వారం ఈ శీర్షికలో నన్ను నేను మా అన్నయ్య డైనింగ్ టేబుల్ ముందు కూర్చోబెట్టి, రెండు ఉత్తరాలు చేతిలో పెట్టి వదిలేశాను. వారం రోజులుగా అక్కడే కూర్చుని నడుం పట్టేసింది. లేచే ముందు, ఇవాళే చదవడం మొదలుపెట్టినవాళ్ళకి నాలుగు ముక్కలు చెప్పేస్తాను. పాతవాళ్ళు కాస్త ఓపిక పట్టండి.

నేను మా పేట కమ్యూనిటీ సెంటర్లో ఆటలు ఆడిస్తాను. పొద్దున పెద్దవాళ్ళకి, సాయంత్రం పిల్లలకి. కాగితం మీద నా ఉద్యోగం పేరు రిక్రియేషన్ వర్కర్. జనం నోట్లో ఆటల టీచరు. ఒకావిడ ముద్దుగా ఉంటుందని "ఆటలమ్మా" అని పిలవడం మొదలుపెడితే, అది రోగం పేరని, వింటే పిల్లలు ఒళ్ళు గోక్కుంటారని చెప్పి మాన్పించాను. మా వదిన, అంటే అన్నయ్య భార్య, రెండు వీధుల అవతల కిండర్‌గార్టెన్ టీచరు. మా సెంటరూ ఆవిడ బడీ ఒకే మునిసిపాలిటీ కింద నడుస్తాయి.

ఆ మునిసిపాలిటీకి ఈ ఏడాది కొత్త ముచ్చట పుట్టింది. ఎవరి పనిలో ఎంత భాగం ఏఐ చేసిపెట్టగలదో తేల్చాలట. మా అందరి చేతా రెండు వారాలపాటు, ఏ పని ఎంతసేపు చేశామో ఫారాలు రాయించి, వాటిని ఏదో సాఫ్ట్‌వేర్‌కి మేపింది. మార్కులు ఉత్తరాల్లో ఇళ్ళకొచ్చాయి. వదినకి నూటికి పన్నెండు. నాకు అరవై నాలుగు. ఎక్కువ వచ్చాయని సంబరపడే మార్కులు కావివి. నా పనిలో నూటికి అరవై నాలుగు వంతులు నేను లేకపోయినా జరిగిపోతాయని దాని అర్థం.

సెంటర్లో ఈ పని చేసేవాళ్ళం ఇద్దరం. రెండో మనిషి క్యారమ్స్ బాబాయి. మాకు చుట్టమేమీ కాదు, ఊరందరికీ ఆయన బాబాయే. తొమ్మిదేళ్ళ కిందట నాకీ పని నేర్పింది ఆయన. నన్ను "అమ్మడూ" అని తప్ప ఇంకోలా పిలిచి ఎరగడు. ఇంకో పద్నాలుగు నెలల్లో రిటైరవుతాడు. వచ్చే ఏడాది నుంచి మా ఇద్దరిలో ఒకరే ఉంటారని, ఎవరి మార్కు ఎక్కువైతే వాళ్ళు ఇంటికి వెళ్ళాలని ఉత్తరంలో చివరి పేరా. మా ఆయన ఏడాది కిందట నిచ్చెన మీద నుంచి పడి నడుం విరగ్గొట్టుకున్నాడు. ఇప్పుడు మా ఇంట్లో వంట ఆయనది, సంపాదన నాది.

ఇక మా అన్నయ్య. లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. మిక్సీ కొనాలన్నా రెండు మిక్సీల వివరాలు పక్కపక్కన రాసుకుని, మధ్యలో గీత గీసి చూస్తే తప్ప జేబులో చెయ్యి పెట్టడు. ఆ రోజు మా ఇద్దరి ఉత్తరాలనీ అలాగే పక్కపక్కన పెట్టాడు. కింద జీతాలు కూడా రాశాడు. వదినకు వచ్చేదాంట్లో నాకు వచ్చేది సగానికి కాస్త పైన.

"ముప్పేమో నీకెక్కువ, జీతమేమో నీకు తక్కువ. ఇంకా ఆలోచించడానికేముందే ఇందులో?" అన్నాడు.

ఏమీ లేదు. అందుకే ఒళ్ళు మండిపోయింది. వదిన బడిలో సహాయకురాలి పోస్టు ఒకటి ఖాళీగా ఉంది. రెండేళ్ళు జీతంతో ట్రైనింగ్, ఆ తర్వాత టీచరు. వదిన హెడ్మిస్ట్రెస్‌తో మాట్లాడి దాన్ని నా కోసం ఆపించింది. శుక్రవారం మధ్యాహ్నంలోగా నేను ఔననో కాదనో చెప్పాలి. ఇదీ సంగతి. ఇప్పుడు లేస్తున్నాను.

గురువారం మధ్యాహ్నం సెంటర్లో పూట సెలవు పెట్టి, పిల్లలు ఇళ్ళకు వెళ్ళిపోయే వేళ చూసుకుని వదిన బడికి వెళ్ళాను. సలహా అడగడానికే వెళ్ళానని మా ఆయనతో చెప్పాను గానీ, నిజానికి నాలుగు దులిపేసి రావడానికే వెళ్ళాను.

ఆ గదిలో మనకు పట్టే కుర్చీ ఒక్కటీ ఉండదు. అన్నీ జానెడెత్తువే. కూర్చుంటే మోకాళ్ళు గడ్డానికి తగులుతాయి, ఎంత కోపంతో వచ్చినవాళ్ళైనా కప్పలా కనిపిస్తారు. వదిన ఓ బుల్లి బల్ల ముందు కూర్చుని ఆకుపచ్చ కాగితంతో ఆకులు కత్తిరిస్తోంది.

"వచ్చావా ఆడపడుచూ? కత్తెర ఇంకోటుంది, అందుకో."

"ఎన్ని కావాలి?"

"ఇరవై మూడు."

"మీ క్లాసులో పద్ధెనిమిది మందే కదా?"

"పోయిన వారం దాకా. ఇప్పుడు హాజరు మిషనే వేస్తోంది, అమ్మానాన్నలకి పంపే చీటీలూ అదే రాస్తోంది. టీచరుకి తీరిక దొరికిందని ఇంకో ఐదుగుర్ని తెచ్చి కూర్చోబెట్టారు. నా పన్నెండు మార్కులు చూసి మీ అన్నయ్య మురిసిపోతున్నాడు గానీ, ఆ పన్నెండుకి బదులు వాళ్ళు ఐదు ముక్కులు ఇచ్చారు తుడవమని."

నవ్వొచ్చింది. కానీ నేను నవ్వడానికి రాలేదు కదా, బిగబట్టుకున్నాను.

"వదినా, సూటిగా అడుగుతాను. ఈ మార్కులు పక్కపక్కన పెట్టమని అన్నయ్యకి చెప్పింది నువ్వేనా?"

ఆవిడ కత్తెర ఆపింది. "ఎందుకు పెట్టిస్తాను? నువ్వు తక్కువ, నేనెక్కువ అని ఊరేగడానికా?"

"తొమ్మిదేళ్ళుగా వింటున్నాను. 'పాపం ఆటలాడిస్తుంది.' 'పాపం సెంటర్లో ఏదో చేస్తుంది.' మీ చుట్టాలెవరైనా వస్తే నా ఉద్యోగం గురించి చెప్పేటప్పుడు నీ గొంతు ఒక మెట్టు దిగుతుంది."

"దిగుతుందా?"

"దిగుతుంది."

వదిన కత్తిరించిన ఆకులన్నీ ఒకదాని మీద ఒకటి పెట్టి సరిచేసింది. "అలా దిగితే తప్పే," అంది. "నాకు తెలీకుండానే దిగుతుందేమో. ఇకమీదట చూసుకుంటాను. కానీ కోపం వాళ్ళ మీద రావాల్సింది నా మీద చూపిస్తున్నావు. అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టు. సరే, నీ ఫారం కాపీ తెచ్చావా?"

తెచ్చాను. ఎందుకు తెచ్చానో నాకే తెలియదు, సంచిలో ఉంది. తీసి ఇచ్చాను. ఆవిడ తన బీరువాలోంచి తన ఫారం తీసింది. బల్ల మీద పెడితే దబ్బుమని చప్పుడైంది. నాది నాలుగు కాగితాలు, ఆవిడది ఇరవై ఆరు.

"ఇన్ని పేజీలు ఏం రాశావు వదినా? ఆత్మకథా?"

"చదువు."

తెరిచాను. 'తొమ్మిదీ ఐదు నుంచి తొమ్మిదీ పన్నెండు: ఒక పిల్లవాడు చెప్పులు విప్పనన్నాడు. వాడు విప్పేదాకా నేనూ విప్పనని గుమ్మంలోనే వాడితో నిలబడ్డాను.' 'పదీ నలభై: ఒకే ఎర్ర క్రేయాన్ కోసం ఇద్దరి పోట్లాట. మూడో పిల్లను పిలిచి తీర్పు చెప్పమన్నాను.' 'పదకొండూ పావు: ముక్కులు తుడవడం, ఏడుగురికి.' రోజంతా అలాగే, ఐదేసి నిమిషాలకొకటి. ఎవరు ఎంత తిన్నారు, ఎవరు ఎంతసేపు పడుకున్నారు, ఎవరు ఎందుకు ఏడ్చారు, అన్నీ.

"ముక్కు తుడవడం కూడా పనేనా?" అన్నాను.

"మాకు అలవాటే. సాయంత్రం అమ్మలొచ్చి అడుగుతారు, మావాడు ఏం చేశాడు, ఎందుకేడ్చాడు అని. రాసుకోకపోతే చచ్చామే. ఇప్పుడు నీది చూద్దాం." కళ్ళజోడు పెట్టుకుని పైకి చదివింది. "హాలు బుకింగ్. హాజరు పట్టీ. వచ్చే నెల కార్యక్రమాల జాబితా. బంతులూ చాక్‌పీసులూ ఆర్డర్. నెల రిపోర్టు. మళ్ళీ హాలు బుకింగ్. అన్నీ కలిపితే రోజుకి మూడున్నర గంటలు. నువ్వు ఎనిమిదిన్నరకెళ్ళి ఆరింటికొస్తావు. మిగతా టైమంతా ఏ సినిమాకెళ్ళావే?"

"ఆటలాడించాను. రాశాను కదా."

"'ఆటలు' అని ఒక్క ముక్క రాశావు. సున్నం కొట్టినట్టు ఒకటే ముక్క, రెండు వారాలూ. దాన్ని చూసి ఆ మిషన్ ఏమనుకుంటుంది? స్పీకర్లో ఈల వేస్తే సరిపోతుందనుకుంటుంది. అరవై నాలుగే ఇచ్చింది, దానికి దయెక్కువ."

నా మార్కు నేనే వేసుకున్నానని, నా చేతిరాతతో నేనే పోగొట్టుకున్నానని, ఆ జానెడు కుర్చీలో అర్థమైంది. సిగ్గేసింది. తర్వాత ఏడుపొచ్చింది. తర్వాత, నా స్వభావం కొద్దీ, మళ్ళీ కోపమొచ్చింది.

"మాకలా రాయడం నేర్పలేదు వదినా. చేరిన మొదటి వారంలో బాబాయి చెప్పాడు. రిజిస్టర్లో ఎక్కేది పని, మిగతాది మన సరదా అని. సరదాకి జీతమడిగితే నవ్వుతారని."

"ఏమిటా సరదా? చెప్పు. మొన్న రెండు వారాల్లో ఏం చేశావో వరసగా చెప్పు."

"ఏముంది చెప్పడానికి?"

"ఉన్నదే చెప్పవే తల్లీ."

చెప్పాను. ఒక తాతగారు, బస్సు డ్రైవరుగా చేసి రిటైరైనాయన, భార్య పోయాక సెంటర్‌కి రావడం మొదలుపెట్టాడు. వచ్చి గుమ్మం పక్క కుర్చీలో కూర్చునేవాడు, ఆరు వారాలు. ఎవరు పిలిచినా "మీరాడండి, నేను చూస్తాను" అనేవాడు. ఆటకి పిలిస్తే రాని మనుషులు పనికి పిలిస్తే వస్తారు. ఓ రోజు స్కోరు బోర్డు పట్టుకెళ్ళి, కళ్ళజోడు మర్చిపోయాను, కాస్త అంకెలు వేసి పెడతారా అన్నాను. నాలుగు రోజులు వేశాడు. ఐదో రోజు ఒకళ్ళు రింగు తప్పుగా విసిరారని గొడవపడి, "ఏదీ నేను చూపిస్తా" అని లేచి రింగు విసిరాడు. ఇప్పుడు ఆయన్ని కూర్చోబెట్టడమే కష్టం.

"నీకు కళ్ళజోడు లేదు కదే?" అంది వదిన.

"లేదు. ఆయనకి తెలీదు కదా."

ఇంకా చెప్పాను. సాయంత్రం పిల్లల్ని జట్లు చేసేటప్పుడు కెప్టెన్లని పెట్టి ఎంచుకోనివ్వను. చివరిదాకా మిగిలిపోయే పిల్ల ముఖం ఒక్కసారి చూస్తే చాలు, జన్మలో అలా చెయ్యరు. చెప్పుల రంగును బట్టో పుట్టిన నెలను బట్టో విడదీస్తాను. రెండేళ్ళుగా మాటల్లేని ఇద్దరు ఆడవాళ్ళని, చీట్లు నేనే మార్చి, ఒకే జట్టులో వేశాను. కుర్చీలాటలో మోకాలి ఆపరేషన్ అయినావిడ వెనకాలే నడుస్తూ, ఆవిడ కుర్చీ పక్కకి రాగానే పాట ఆపుతాను. ఈ ఆపరేషన్ సంగతి మొదటి రోజే తెలుసుకోవాలి, ఎవరూ చెప్పరు, మెట్లెక్కే తీరు చూసి కనిపెట్టాలి.

వదిన కత్తెర ఎప్పుడో పక్కన పెట్టేసింది. "ఇవేవీ రాయలేదా?"

"రాయలేదు."

"ఎంత మొద్దువే నువ్వు!" అంది. ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తొమ్మిదేళ్ళలో నా ఉద్యోగం గురించి ఆవిడ అన్న మొదటి మంచి మాట అదేనని నేను లెక్కేసుకున్నాను.

ఉత్తరం వెనక చిన్న అక్షరాల్లో ఉంది: ఫారంలో ఏవైనా వదిలేసి ఉంటే, శుక్రవారం నాలుగింటిలోగా సరిచేసిన ఫారం మేనేజరుకి ఇవ్వవచ్చు. వదినే చూపించింది. అక్కడే, ఆ బుల్లి బల్ల మీదే రాయడం మొదలుపెట్టాను. ఆవిడ పోలీసులా ప్రశ్నలు వేస్తూ పోయింది. ఎంతసేపు, ఎవరితో, ముందేం చేశావు, తర్వాతేమైంది? సాయంత్రానికి పద్నాలుగు పేజీలైంది. చెయ్యి పీకేస్తోంది గానీ, ఒళ్ళు తేలిగ్గా ఉంది.

"మరి బాబాయి కూడా నీలాగే రాసి ఉంటాడుగా?" అంది వదిన గుమ్మం దాకా వస్తూ.

"ఇంకెలా రాస్తాడు? మార్కెంతని అడిగితే, మన బతుకులింతేలే అమ్మడూ అని మాట మార్చాడు. రేపు నాది ఇచ్చేశాక ఆయన్ని కూర్చోబెట్టి ఆయన చేతా ఇలాగే రాయిస్తాను."

"ఇద్దరివీ తగ్గితే?"

"తగ్గనీ. ఇద్దర్నీ ఉంచమని అడుగుతాం."

"అలా అడుగు, తప్పులేదు. కానీ ఒక్క మాట విను. రేపు పొద్దున బడికి ఔననే చెప్పు. ముందు ఆ పోస్టు నీ పేర రాయించుకో. ఫారం సంగతి తేలాక, అక్కర్లేదంటే అప్పుడు వదులుకుందువుగాని."

"చూద్దాంలే," అన్నాను. నేను చూద్దాంలే అంటే వినననే అర్థం. అది ఆవిడకి తెలుసు.

శుక్రవారం పొద్దున కూడా పూట సెలవు పెట్టి, తొమ్మిదిన్నరకి ఇంటి నుంచే హెడ్మిస్ట్రెస్‌కి ఫోన్ చేశాను. ఆలోచించుకోవడానికి మధ్యాహ్నం దాకా టైముంది. ఆలోచించాల్సిన అవసరమే కనపడలేదు. పద్నాలుగు పేజీలు రాసుకున్నదాన్ని, నా పనేమిటో నాకు తెలిసిపోయిందన్న ధీమా ఒకటి నెత్తికెక్కి కూర్చుంది. పైగా ఇంకో మాట కూడా ఒప్పుకుంటాను. మనసు లేకుండా ఆ సీటు పట్టుకుని వేలాడితే, దానికోసం కాచుకున్న ఇంకొకరి నోటి దగ్గర కూడు లాక్కున్నట్టు కదా అనిపించింది.

"ఖాయంగానే చెప్తున్నారా?" అంది హెడ్మిస్ట్రెస్. "ఇంకో అమ్మాయి మీ జవాబు కోసమే ఎదురుచూస్తోంది. ఇప్పుడే ఆమెకి చెప్పేస్తాను మరి."

"ఖాయమేనండీ. చెప్పేయండి."

ఫోన్ పెట్టేసి వంటింట్లోకి వెళ్ళి మా ఆయనకి చెప్పాను. ఆయన నడుం మీద ఒక చెయ్యి, గరిటె మీద ఒక చెయ్యి వేసుకుని, నా వైపు చూసి, పెద్ద నిట్టూర్పు విడిచాడు.

"ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్ళని చూశాను. దాటకముందే తగలేసినదాన్ని నిన్నే చూస్తున్నాను."

"ఈత వచ్చులే," అన్నాను.

"వస్తే మంచిదే," అని స్టవ్ మంట తగ్గించాడు. ఆయనెప్పుడూ అంతే, తిట్టాల్సిన చోట తిట్టడు.

మూడింటికి మేనేజరు గది తలుపు తట్టాను. మా మేనేజరు మేడమ్ మంచి మనిషి. ఎవరి మీదా గొంతు పెంచదు. మార్కులు వేసింది ఆవిడ కాదు, వాటి పాపం మాత్రం ఆవిడ మెడకు చుట్టుకుంది. నా పద్నాలుగు పేజీలు తీసుకుని, నన్ను కూర్చోమని, మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టింది. నేను ఆవిడ ముఖం చూస్తూ కూర్చున్నాను. రెండో పేజీలో చిన్నగా నవ్వుతుందనుకున్నాను, కళ్ళజోడు సంగతి అక్కడే ఉంది. నవ్వలేదు. నాలుగో పేజీ దగ్గర ఆగిపోయింది. మళ్ళీ వెనక్కి తిప్పింది. లేచి, బీరువా తీసి, ఒక ఫైలు తెచ్చి బల్ల మీద పెట్టింది.

"ఇది మీకు చూపించొచ్చో లేదో నాకు తెలీదు. కానీ చూపించకుండా మాట్లాడలేను," అంది.

ఫైలు తెరిచి నా వైపు తిప్పింది. ఆ చేతిరాత నాకు తొమ్మిదేళ్ళుగా తెలుసు. కుడివైపుకి వాలిన పెద్ద పెద్ద అక్షరాలు, ప్రతి వాక్యం చివరా అవసరం లేని గీత. బాబాయి ఫారం. పైన మూలన ఎర్ర అంకెలు: పద్ధెనిమిది.

చదివాను. 'గుమ్మం పక్కనే కూర్చునే ఒక పెద్దాయనకి స్కోరు వేసే పని అప్పగించాను. కళ్ళజోడు మరిచినట్టు నటించాను.' 'జట్లు చెప్పుల రంగును బట్టి విడదీశాను.' 'మాటల్లేని ఇద్దరిని ఒకే జట్టులో వేశాను. చీట్లు ముందుగానే మార్చాను.' పేజీ తర్వాత పేజీ. నేను నిన్న వదిన ముందు కూర్చుని కూడా గుర్తు చేసుకోలేనివి కొన్ని ఉన్నాయి అందులో. ఓ పిల్ల వాళ్ళమ్మ ఆలస్యంగా వచ్చిన రోజు, ఆ పిల్లకి తాను ఒక్కతే మిగిలిపోయానని తెలియకుండా నేను బంతులన్నీ మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టించిన సంగతి. అది నేనే మర్చిపోయాను.

మీరు నమ్మరు గానీ, నాకు మొదట కోపం రాలేదు. ఒక్క క్షణం గర్వమేసింది. నా పనిని అంత శ్రద్ధగా, అంత అందంగా ఎవరూ ఎప్పుడూ చూసి ఉండలేదు. ఆ రెండు వారాలూ బాబాయి క్యారమ్ బోర్డు పక్కన ఒళ్ళో పుస్తకం పెట్టుకుని రాసుకుంటుంటే పాయింట్లు వేస్తున్నాడనుకున్నాను. పోనీలే పెద్దాయన, కూర్చోనీ అని ఆయన వంతు హాలు సర్దడం కూడా నేనే చేశాను. చేసినదంతా నేను, రాసినదంతా ఆయన, ప్రతి వాక్యం చివరా 'చేశాను, చేశాను' అని.

ఫైలు మేడమ్ వైపు తిప్పాను.

"ఇవి ఆయన చేసినవి కావండీ. నేను చేసినవి," అన్నాను.

"ఆయన ఫారం వచ్చి మూడు వారాలైంది," అంది మేడమ్ నెమ్మదిగా. "మీది ఇవాళ వచ్చింది. ముందిచ్చిన దాంట్లో ఇవేవీ లేవు. ఇప్పుడు రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే, నా స్థానంలో ఎవరున్నా ఏమనుకుంటారు?"

నేను ఆయన కాగితం చూసి రాశాననుకుంటారు. అది ఆవిడ అనలేదు, నాకూ అనిపించుకోవడం ఇష్టం లేదు. గోడ అవతల హాల్లోంచి స్ట్రైకర్ తగిలిన చప్పుడు, ఎవరో "రెడ్ పడింది" అని అరవడం వినిపిస్తోంది.

"తాతగార్ని అడగండి. ఆ ఇద్దరాడవాళ్ళని అడగండి," అన్నాను.

"ఏమని అడగను? మిమ్మల్ని ఆటలోకి లాగడానికి ఎవరు నాటకమాడారని అడగనా? వాళ్ళకి తెలీకుండా చేశామనే కదా ఇద్దరూ రాశారు."

నిజమే. నా పని బాగా జరిగితే ఎవరికీ తెలియదు. తెలిస్తే అది చెడిపోయినట్టే.

మేడమ్ ఫైలు చివరి పేజీ తిప్పి, అచ్చు వేసిన రెండు వరసల మీద వేలు పెట్టింది. "ఇంకో సంగతి మీరు తెలుసుకుని మాట్లాడాలి. ఇందులో చేయని పని చేసినట్టు రాశారని తేలితే, రాసినవాళ్ళని తీసేస్తారు. మామూలుగా కాదు, ఏ హక్కులూ లేకుండా. ఆయనకింకా పద్నాలుగు నెలలుంది. పెన్షన్ రాదు. మీదే కాపీ అని తేలినా ఇదే రూలు. నాలుగింటికి నేను ఏదో ఒకటి పైకి పంపాలి. ఆయన్ని పిలుస్తున్నాను."

పిలిచింది. బాబాయి వచ్చాడు. వేళ్ళకి క్యారమ్ పౌడర్ అంటుకుని ఉంది, ప్యాంటుకి తుడుచుకుంటూ లోపలికి అడుగుపెట్టి, నన్ను చూసి నవ్వబోయాడు. బల్ల మీద రెండు ఫారాలూ చూశాడు. నవ్వు అక్కడే ఆగిపోయింది. కూర్చోమంటే కూర్చోలేదు, కుర్చీ వీపు పట్టుకుని నిలబడ్డాడు. ఆయన భార్యకి వారానికి మూడుసార్లు ఆస్పత్రి అని నాకు తెలుసు. సెంటర్లో అందరికీ తెలుసు.

"ఇందులో రాసినవన్నీ మీరు చేసినవేనా?" అని అడిగింది మేడమ్.

ఆయన కిటికీ వైపు చూశాడు. బల్ల వైపు చూశాడు. నా వైపు మాత్రం చూడలేదు.

"నావేనండీ. ఆవిడకి పని నేర్పింది కూడా నేనే," అన్నాడు.

ఆవిడ! తొమ్మిదేళ్ళలో ఆయన నోట నా గురించి ఆ మాట విననే లేదు. అరిస్తే బాగుండేది, నన్ను దొంగ అన్నా బాగుండేది.

మేడమ్ గడియారం చూసి, పెన్ను మూత తీసి, నా వైపు తిరిగింది. "మీరేమంటారు? ఆయన చెప్పింది నిజమేనా?"

కాదంటే, మా ఇద్దరిలో ఎవరిది కాపీ అని విచారణ. తేలిందంటే ఆ ముసలాయన పెన్షన్ నా చేత్తో నేను తీసేసినట్టే. ఔనని నా కాగితాలు వెనక్కి తీసుకుంటే నా అరవై నాలుగు నాకు ఖాయం, వచ్చే ఏడాది నుంచి మా ఇంట్లో ఇద్దరం నడుం పట్టుకుని కూర్చోవాలి. ఉన్న ఒక్క దారినీ పొద్దున తొమ్మిదిన్నరకి నేనే మూసుకొచ్చాను. వదిన ముందే చెప్పింది, వింటేగా!

అప్పుడు తలెత్తాడు బాబాయి. నన్ను చూశాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, గొంతు మాత్రం ఎప్పట్లాగే మెత్తగా ఉంది.

"నువ్వేదంటే దానికే సంతకం పెడతానమ్మడూ," అన్నాడు.